ఎస్తేరమ్మ కృతజ్ఞతా కూడిక

పెట్టె మూత ఇంకా గోడకి ఆనించే ఉంది. దాని ఇత్తడి మరలు వడ్రంగి వెంకటరావు చొక్కా జేబులో ఉన్నాయి. చర్చి పక్క తలుపు దగ్గర నిలబడి అతను కాలు మార్చుకున్నప్పుడల్లా అవి గలగలమంటున్నాయి. ఇంతమంది గొంతెత్తి పాడుతున్నా డయానాకి ఆ చప్పుడే వినిపిస్తోంది. ఈ పాట అయ్యాక పాస్టరుగారి ప్రార్థన, ప్రార్థన అయ్యాక అమ్మ జీవిత చరిత్ర, తర్వాత ఆఖరి చూపు, ఆ తర్వాత మూత. అమ్మ ముఖం మీద వెలుతురు పడేది ఇంకొక్క గంట. ఆ గంటలో డయానా లేచి నిలబడి అందరి ముందూ ఒక నిజం చెప్పాలి, లేకపోతే దాన్ని కూడా అమ్మతో పాటు పెట్టెలో పెట్టి మరలు బిగించెయ్యాలి. చెప్తానని అమ్మకి మాటిచ్చింది. చెప్పనని తమ్ముడికి మాటిచ్చింది. నడవకి అవతల మొదటి బెంచీ మీద నాన్న కూర్చున్నాడు. ఏలియా అంటే ఈ ఊరి తెలుగు క్రైస్తవుల్లో తెలియనివాళ్లు లేరు. కుడి చెయ్యి మోచేతి కింద నుంచి లేదు. తెల్ల చొక్కా ఖాళీ చేతిని పైకి మడిచి పిన్నీసు పెట్టారు. ముప్పై ఏళ్లకి పైగా రోజూ ఆ పిన్నీసు అమ్మ పెట్టింది. ఇవాళ తమ్ముడు సిరిల్ పెట్టాడు, వంకరగా. లోపలికి గుచ్చుకుంటోందేమో, నాన్న ఉండుండి భుజం కదుపుతున్నాడు. గుచ్చుకోనీ అనుకుంది డయానా. ఇంకా లోతుగా, ఎముక దాకా గుచ్చుకోనీ. తల్లి శవం ముందు కూర్చుని ఇలాంటివి అనుకోకూడదని ఆమెకి తెలుసు. తెలిసినంత మాత్రాన మనసు ఆగుతుందా? అది గోల్‌బజార్ చేపల వరసలో తిరిగే పిల్లి, ఎన్నిసార్లు అదిలించినా మళ్లీ ఆ తొట్టి కిందే తేలుతుంది.

ఖరగ్‌పూర్ తెలుగు సంఘంలో మనిషి బతికున్నంత కాలం అతని గురించి ఎవరూ ఒక్క ముక్క రాయరు. పోయాక మాత్రం ప్రతివాళ్లకీ ఒక పేజీ దక్కుతుంది. వర్క్‌షాపు ఖలాసీ అయినా, రైలు గార్డు అయినా, ఆసుపత్రిలో ఆయా అయినా శవపేటిక పక్కన నిలబడి ఆ పేజీ చదవాల్సిందే. దానికొక వరస ఉంది: పుట్టుక, రక్షణ, పెళ్లి, పిల్లలు, శోధనలు, ఆశీర్వాదాలు, చివరికి ప్రభువునందు నిద్రించడం. తాతల నాడు కోస్తా నుంచి రైలెక్కి వచ్చినవాళ్లు మూటాముల్లెతో పాటు తెచ్చుకున్న అలవాటు అది. డయానా తెలుగు టీచరు. అందుకని ఊళ్లో ఎవరు పోయినా ఆ పేజీ ఆమే రాస్తుంది. ఆమె రాసిన పేజీల్లో దుఃఖంగా బతికినవాళ్లు ఒక్కరంటే ఒక్కరు లేరు. కొంచెం కోపం ఉన్నా మనసు వెన్న అని రాసిందంటే ఆయన పెళ్లాన్ని కొట్టేవాడు. అందరితో కలుపుగోలుగా ఉండేవారు అంటే చీకటి పడ్డాక కూడా ఇంటికొచ్చేవాడు కాదు. ఎక్కువ సమయం ప్రార్థనలో గడిపేది అంటే ఆ ఇంట్లో ఆమె మాట వినే మనిషే లేడు. రాసేదానికి తెలుసు, వినేవాళ్లకీ తెలుసు. తెలిసీ కళ్లు తుడుచుకుంటారు. రేపు వాళ్ల పేజీ కూడా ఆమే రాయాలి కదా, వాళ్ల గుట్టు కూడా ఆమే కాపాడాలి కదా. ఇన్నేళ్లూ ఎవరి ఇంటి రక్తాన్నో తడిగుడ్డ పెట్టి తుడుస్తూ వచ్చింది డయానా. ఇవాళ తన ఇంటిది తుడవాలి. ఇవాళ్టి పేజీ కూడా తయారుగానే ఉంది. సంఘపెద్ద తీతు నిన్న సాయంత్రం చదివి చూశాడు. ఆయన ఒకప్పుడు రైల్వే వర్క్‌షాపులో నాన్నతో పాటు ఒకే షాపులో పనిచేసినవాడు, డయానాకి పెదనాన్న వరస. "శోదన కాడ ఇంకొంచెం పెంచమ్మా. మీ నాన్న సెయ్యి పోయిన కాడినుంచి మీ అమ్మ ఎంత సేవ సేసినాదీ! నువ్వు సదువుతుంటే జనం ఏడవాల" అన్నాడు. ఆమె పెంచింది. భర్తగారి కుడిచెయ్యి పోయిన ఆ చీకటి దినాన ఆమె సంసారం మీద పిడుగు పడినట్లయింది అని రాసింది. ఇప్పుడు కాగితం మీద ఆ వాక్యాన్ని బొటనవేలితో నొక్కి పట్టుకుని కూర్చుంది. చీకటీ లేదు, పిడుగూ లేదు. ఆ రోజు ఇల్లంతా ఆవపిండి వాసన.

ఆ చెయ్యి ఎలాంటిదో ఈ పాడుతున్నవాళ్లలో ఎంతమందికి తెలుసు? బ్లాక్‌స్మిత్ షాపులో పెద్ద హేమర్, యంత్రంతో దానంతటదే పడే సుత్తి, దాని దగ్గర నాన్న పని. ఎర్రగా కాలిన ఇనప దిమ్మని పట్టకారుతో పట్టుకుని దెబ్బకీ దెబ్బకీ మధ్య తిప్పాలి. ఒక్క క్షణం అటూ ఇటూ అయితే ముక్క చెడిపోతుంది. అంత నైపుణ్యం గల చెయ్యి అని షాపంతా చెప్పుకునేవారు. ఆ నైపుణ్యం ఇంట్లో కూడా చూపించేవాడు. అమ్మని జుట్టు పట్టుకుని దెబ్బకీ దెబ్బకీ మధ్య తిప్పేవాడు. ఒకే చోట రెండుసార్లు తగలకుండా కొట్టేవాడు. తాగి కొట్టేవాడంటే అదొక సాకుగా అయినా ఉండేది. నాన్న తాగేవాడు కాదు. అన్నంలో రాయి తగిలితే కొట్టేవాడు, చొక్కా మీద ముడత ఉంటే కొట్టేవాడు, అమ్మ కిటికీ దగ్గర నిలబడితే కొట్టేవాడు, కిటికీ దగ్గర ఎందుకు లేవని కూడా కొట్టేవాడు. సాయంత్రం వర్క్‌షాపు సైరన్ మోగాక రైల్వే క్వార్టర్ ముందు సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినిపించేది, టక్కుమని. ఆ ఒక్క చప్పుడుకి ఇంట్లో ముగ్గురూ మూడు మూలలకి సర్దుకునేవారు. అప్పుడు డయానాకి తొమ్మిదో ఏడు. స్కూల్లో ఎక్కాలు చెబుతున్నా, బయట తొక్కుడుబిళ్ల ఆడుతున్నా, ఆమె చెవి ఒకటి ఎప్పుడూ ఆ స్టాండు చప్పుడు కోసం నిక్కబొడుచుకునే ఉండేది. చివరి రాత్రి ఆ చెయ్యి అమ్మ ముఖాన్ని గుమ్మం చెక్కకేసి కొట్టింది. ఒకసారి కాదు. కన్ను మూసుకుపోయి, చెంప చీలి, నోట్లోంచి వచ్చినది పళ్లో రక్తపు గడ్డో తెలియకుండా పోయింది. అప్పుడు డయానా వెనక నుంచి వెళ్లి ఆ చేతి బొటనవేలి మొదట్లో కొరికింది. పళ్లు దిగేదాకా, ఇనుమూ గ్రీజూ కలిసిన రుచి నాలుకకి తగిలేదాకా కొరికి వేలాడింది. నాన్న విదిలిస్తే వెళ్లి ఇనప పెట్టె మీద పడింది. మెడ కింద ఎముక విరిగింది. వాన పడితే అది ఇప్పటికీ సలుపుతుంది. ఇవాళ వాన పడుతోంది, సలుపుతోంది.

పాట ఆఖరి చరణంలో ఉంది. ఆడవాళ్ల గొంతులు పైకి లేచాయి. నాన్న కూడా పాడుతున్నాడు, కళ్లు మూసుకుని. ఆ దెబ్బల రాత్రి గడిచి మర్నాడు పొద్దున్న డ్యూటీకి బయలుదేరే ముందు ఆయనకి అన్నం క్యారేజీ అందిస్తూ అమ్మ పెదవి కదిపింది. నీ సెయ్యి ఇరిగిపోను అంది. పైకి వినపడలేదు, పక్కనే నిలబడ్డ డయానాకి మాత్రం పెదవి కదలిక అర్థమైంది. వీధిలో ఏ ఆడది నోరు జారినా అనే మాటే అది, కుళాయి దగ్గర బిందెల తగువులో ఎన్నిసార్లు విన్నారో. కానీ పది గంటలు కాకుండానే తీతు పెదనాన్న సైకిలు మీద వచ్చాడు. ఆయన చొక్కా ముందంతా ఎర్రగా ఉంది. హేమర్ కింద పట్టకారు జారిందట. దిమ్మతో పాటు చెయ్యి కూడా లోపలికి వెళ్లిందట. రేకులా అయిపోయిందమ్మా అని ఆయన గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. పట్టకారు ఎందుకు జారింది? వాచిన బొటనవేలితో పట్టు దొరకలేదా? తన పంటిగాట్లు కూడా ఆ సుత్తి కిందే ఉన్నాయి. అవి కూడా ఆ చేతితో పాటు నలిగిపోయాయి. అలా అనుకున్నప్పుడల్లా డయానాకి భయం వెయ్యాలి. వెయ్యదు. కడుపులో వెచ్చగా ఉంటుంది.

అమ్మ గట్టిగా ఏడ్చింది. అలాంటప్పుడు ఎలా ఏడవాలో అలాగే ఏడ్చింది, జుట్టు విప్పుకుని, గుండెలు బాదుకుంటూ తీతు వెనక రైల్వే ఆసుపత్రికి పరిగెత్తింది. మధ్యాహ్నం దాటాక ఒక్కతే తిరిగొచ్చింది. చేతిలో ఒక ఇలీష్ చేప, కోస్తాలో పులస అనేది, పెద్దది, మొప్పలు ఇంకా ఎర్రగా ఉన్నది. ఆసుపత్రి నుంచి నేరుగా గోల్‌బజార్ వెళ్లిందన్నమాట. ఇలీష్ ఆ ఇంటికి వచ్చేది కాదు, అందులో ముళ్లెక్కువని నాన్నకి గిట్టదు. అమ్మ చేతులు కడుక్కుని కత్తిపీట ముందు కూర్చుని చేప తల ఒక్క ఊపులో తెగ్గొట్టింది. పొలుసు రేగి ముఖం మీద పడింది, మూసుకుపోయిన కన్ను మీద కూడా పడి మెరిసింది. పొట్ట చీల్చి పేగులు లాగింది, ఒంటి కన్నుతోనే సమానంగా ముక్కలు కోసింది. మోచేతుల దాకా రక్తం. కొడుతున్న మనిషి లేకుండా ఆ ఇంట్లో రక్తం చూడడం డయానాకి అదే మొదలు. పక్క క్వార్టర్ రాధారాణి దీదీ సంగతి తెలిసి ఓదార్చడానికి వచ్చింది. గుమ్మంలో నిలబడి అమ్మ కన్ను చూసింది, చేప చూసింది. వెనక్కి వెళ్లి గిన్నెడు ఆవపిండి నూరి తెచ్చి కత్తిపీట పక్కన పెట్టి వెళ్లిపోయింది. చింతపండూ ఆవపిండీ వేసి అమ్మ కూర వండింది. విరిగిన ఎముకకి రాత్రే పాత చీర ముక్కతో కట్టు కట్టిన డయానాకీ, ఐదేళ్ల సిరిల్‌కీ ముళ్లు ఏరి ముద్దలు పెట్టింది. "తినండర్రా, ఈవేళ ఎవులూ రారు" అంది. సిరిల్ మూడో ముక్క అడిగితే నవ్వింది. చీలిన పెదవి మళ్లీ చిట్లి రక్తం వచ్చినా నవ్వింది. "ప్రెబువు ఇన్నాడే డయానా. పొద్దున్నంటే ఎండెక్కకుండానే ఇన్నాడు" అంది. ఆ సాయంత్రం సైరన్ మోగింది. స్టాండు చప్పుడు రాలేదు. చీకటి పడింది, రాలేదు. డయానా చెవి అలవాటు కొద్దీ కాసేపు నిక్కబొడుచుకుని, ఇక వినాల్సిన పని లేదని తెలుసుకుని, ఒక్కసారిగా నిద్రలో పడిపోయింది. సంతోషం అంటే ఏమిటని ఎవరైనా ఆమెని నిలదీసి అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఇదొక్కటే ఉంది.

పుస్తకాల్లో ఇలా ఉండదు. పుస్తకాల్లో సంతోషం ఎప్పుడూ శుభ్రంగా ముఖం కడుక్కుని వస్తుంది. వెన్నెల ఉంటుంది, పసిపాప బోసినవ్వు ఉంటుంది, ఉన్నదాంతో తృప్తి పడిన ముసలాయన ఉంటాడు. మరీ పెద్ద రచయితలైతే సంతోషమనేది పోయాక గానీ తెలియదని రాస్తారు. అదంతా అబద్ధం, డయానాకి ఆ రాత్రే తెలిసింది, నోట్లో ఆవఘాటు ఉండగానే తెలిసింది. అయినా క్లాసులో ఆమె చెప్పేది వెన్నెలే. మొన్న ఎనిమిదో తరగతిలో నా సంతోషం అని వ్యాసం రాయమంది. ఒక పిల్ల, ఆమె తండ్రి యార్డులో పనిచేస్తాడు, మా నాన్నకి నైట్ డ్యూటీ పడిన వారం అని మొదలుపెట్టి, తనంతట తనే ఆ వాక్యాన్ని కొట్టేసింది. కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేసి, కింద గుండ్రటి అక్షరాలతో తల్లిదండ్రుల సేవలోనే నా సంతోషం ఉంది అని రాసింది. ఎవరూ నేర్పలేదు. రాసే సంతోషం ఒకటీ, కొట్టేసే సంతోషం ఒకటీ అని ఆ పిల్లకి ఎనిమిదో తరగతికే తెలిసిపోయింది. ఆ పిల్ల తండ్రి ఎక్కడున్నాడో వెతికి పట్టుకుని గోడకేసి కొట్టాలని డయానా అరచెయ్యి దురద పెట్టింది. వెడల్పాటి అరచెయ్యి, మొద్దు బొటనవేలు. నాన్న చెయ్యే. సుత్తి కింద పోయిందనుకున్నది తన మణికట్టు చివర మొలిచి తిరుగుతోందా అని ఆ రోజంతా దాన్ని చీర కొంగులో దాచుకుని పాఠం చెప్పింది.

పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. కొత్తగా వచ్చిన కుర్రాయన, ఆయనకి ముందున్న ఇద్దరు పాస్టర్లు చెప్పిన మాటలే చెబుతున్నాడు. ఎస్తేరమ్మగారి చెయ్యి, భర్తకి అన్నం పెట్టిన చెయ్యి, ఈ సంఘానికి మాదిరి. నిజమే, పెట్టింది. ఎడమ చేత్తో తినడానికి నాన్న ఒప్పుకోలేదు, అంత పౌరుషం. పెళ్లిళ్లలో, క్రిస్మస్ విందుల్లో, వందమంది చూస్తుండగా అమ్మ పక్కన కూర్చుని ముద్దలు కలిపి పెట్టేది, నాన్న నోరు తెరిచేవాడు. చేప కూరైతే వేళ్లతో తడిమి తడిమి వెంట్రుకంత ముల్లు కూడా ఏరి కంచం అంచున పెట్టేది. ఆ ఓపిక చూసి ఆడవాళ్లు కొంగు కళ్లకద్దుకునేవారు. చెయ్యి మానాక మొదటి నెలల్లో నాన్న ఒకసారి ఎడమ చెయ్యి ఎత్తాడు. ఆ సంగతి ఏ పాస్టరూ చెప్పలేదు. అమ్మ వెనక్కి తగ్గలేదు. ఆ చేతి వంక చూసి, "ఏటి, ఇదీ ఒద్దా నీకు?" అంది, మెల్లిగా, కూర ఇంకొంచెం వెయ్యనా అన్నట్టు. చెయ్యి దిగిపోయింది, మళ్లీ లేవలేదు. ఏడాది తిరగ్గానే, చెయ్యి పోయిన తారీఖుకి అమ్మ ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టించింది. సంఘమంతా వచ్చింది. ప్రాణం దక్కినందుకు దేవుడికి కృతజ్ఞత చెల్లిస్తోందనుకున్నారు. పాటలు పాడి, ప్రార్థనలు చేసి, భర్త ప్రాణం మీద ఆమెకెంత ప్రేమో అని చెప్పుకుంటూ ఇలీష్ కూరతో కడుపునిండా తిని వెళ్లారు. ఆ ఏడు, ఆ పై ఏడు, ప్రతి ఏడూ. క్వార్టర్ ఖాళీ చేసి మలంచా రోడ్డులో ఇల్లు కట్టుకున్నాక కూడా. వానాకాలం వచ్చిందంటే ఎస్తేరమ్మగారి కూడిక ఎప్పుడని జనమే అడిగేవారు. ఒక మనిషి చెయ్యి తెగిన పండగని ముప్పై ఏళ్లకి పైగా చప్పరించుకుంటూ చేసుకున్నారు, తెలియక. అమ్మ ఆ రోజు పట్టుచీర కట్టుకునేది. అందరి మధ్యలో కూర్చుని నాన్నకి తినిపించేది. తింటూ నాన్న దగ్గేవాడు, కళ్లమ్మట నీళ్లు ధారగా కారేవి. కృతజ్ఞతా కన్నీళ్లండీ అని పాత పాస్టరుగారు ప్రతి ఏడూ అనేవారు.

అమ్మ రెండు వారాల కిందట ఆసుపత్రి మంచం మీద డయానా చెయ్యి పట్టుకుంది. ఊపిరి అందడం లేదు, అయినా గొంతులో ఆ పాత మొండితనం ఉంది. "నా సరిత్ర నువ్వే కదా రాస్తావు. ఆ కూర సంగతి రాయి" అంది. "ఏ కూరమ్మా" అని డయానా తెలియనట్టు అడిగింది. "ఏ కూరేటే. నాను నవ్విన రోజు. శోదనల కింద రాయకు. ఆశీర్వాదాల కింద రాయి. అందరికీ బాగా రాస్తావు, నాకొక్కదానికి నిజం రాయి." రాస్తానంది డయానా. నిన్న సిరిల్‌కి చెబితే వాడు గోడకి ఆనుకుని పిల్లాడిలా ఏడ్చాడు. వాడికి దెబ్బలు గుర్తు లేవు, చేప మాత్రం గుర్తుంది. "ఒద్దక్కా. అమ్మ ఎల్లిపోనాది. ఉన్నోడు నాన్న. నువ్వు సదివీసి నీ ఇంటికెల్లిపోతావు. రేపట్నించి ఆయనకి అన్నం కలిపి ఎట్టాల్సినోన్ని నాను. అంతమందిలో ఆయన మొకం ఎలాగ సూడమంతావు?" అన్నాడు. సరేరా అంది డయానా. వాడిదీ న్యాయమే. బతికున్నవాడి ఆకలి ఒక పక్కన, చచ్చిపోయినదాని నవ్వు ఒక పక్కన. నాన్నకి ఏమీ తెలియదు, ఆమెని తొలుస్తున్నది అదే. ఆయన ఇన్నేళ్లూ తనకోసమే కూడిక అనుకుని ముందు వరసలో కూర్చున్నాడు. తెలియకుండానే పోతాడు కూడా, మనసు వెన్న అనిపించుకుని, ఎవరో ఒకరు రాసిన పేజీలో సుఖంగా పడుకుంటాడు. ఆమెన్ అన్నారు అందరూ.

"ఇప్పుడు సహోదరి డయానా తల్లిగారి జీవిత చరిత్ర చదువుతారు" అన్నారు పాస్టరుగారు. లేచింది. మైకు దగ్గరికి వెళ్లింది. పుట్టుక చదివింది. రక్షణ చదివింది. పెళ్లి చదివింది. సిరిల్ రెండో బెంచీలోంచి తల అడ్డంగా ఊపుతున్నాడు. తీతు పెదనాన్న రుమాలు తీసి సిద్ధంగా పెట్టుకున్నాడు, ఏడవాల్సిన చోటు దగ్గర పడిందని. శోధనలు, అని చదివి డయానా పెట్టెలోకి చూసింది. అమ్మ మూసుకున్న కన్ను, ఆ రాత్రి దెబ్బతిన్న కన్ను, పక్కన చిన్న మచ్చ. ఆ మైకు స్టాండు ఇనపది, బరువైనది, దాన్ని పీకి ఆ మొదటి బెంచీ మీదకి విసిరితే ఎంత బాగుండును అనిపించింది. విసరలేదు. మాటే విసిరింది.

"నాన్న చెయ్యి పోయిన రోజు అమ్మకి శోధన కాదు. మా అమ్మ తన జీవితం మొత్తంలో సంతోషంగా నవ్వింది ఆ రోజే. ముందు రాత్రి ఆ చెయ్యి ఆమె ముఖాన్ని గుమ్మానికేసి కొట్టింది. మర్నాడు అది పోయింది. అమ్మ ఇలీష్ చేప తెచ్చి వండి మాకు పెట్టింది. ప్రతి ఏడూ మీరు మా ఇంట్లో తిన్న కూర అదే. ఆమె కృతజ్ఞత చెల్లించింది నాన్న ప్రాణం కోసం కాదు. ఇది రాయమని అమ్మే చెప్పింది."

వాన రేకుల మీద పడుతున్న చప్పుడు. వెనక బెంచీల్లో ఒక ఆడమనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తిన్నది గుర్తొచ్చినట్టు. సిరిల్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు. "అమ్మా డయానా" అని పాస్టరుగారు లేవబోయారు. అప్పుడు నాన్న లేచాడు. ఎడమ చేత్తో బెంచీ అంచు పట్టుకుని, పిన్నీసు పెట్టిన మొండి చెయ్యి పక్కకి వేలాడుతుండగా, పెట్టె వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఏలియాగారూ, కూర్చోండి" అన్నారు పాస్టరుగారు.

"నాకు తెలుసు" అన్నాడు నాన్న. గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. షాపులో ఫోర్‌మన్‌కి పని అప్పచెప్పినట్టు చెప్పాడు. "ఏడాదంతా ముల్లు ఏరి ఎట్టీది. ఆ కూడిక రోజు ఏరీది కాదు. మీరందరూ సూస్తుంటే, నవ్వుతూ, ముళ్లతోటే నా నోట్లో ఎట్టీది. మొదటేడు గొంతుకి అడ్డం పడి రగతం వచ్చింది. దాని మొకం సూసినాను. అప్పుడే తెలిసింది ఏటి పండగో. మరి ప్రతేడూ నోరు తెరిసినాను. నమిలి మింగీసినాను."

ఆయన కూర్చోలేదు. పెట్టెకేసి చూస్తూనే ఉన్నాడు, నోరు కొంచెం తెరుచుకుని ఉంది, ముప్పై ఏళ్లకి పైగా అన్నం వేళకి ఎలా తెరుచుకుందో అలాగే. డయానా ఆ నోటిని చూసింది. జాలి పడాలా అని వెతుక్కుంది, లోపల ఎక్కడా జాలి దొరకలేదు. దొరికింది ఇంకొకటి. అమ్మ తన పండగని ఒంటరిగా, దొంగచాటుగా చేసుకోలేదు. కొట్టిన మనిషికి తెలిసేలాగే, వాడి నోట్లో పెట్టి మరీ చేసుకుంది. ఆ కన్నీళ్లు కృతజ్ఞత కాదు, ముళ్లు. నిండు చర్చిలో, తల్లి శవం పక్కన, ఎముక సలుపుతుండగా డయానాకి నవ్వొచ్చింది. ఆపుకోలేదు. తనకి తొమ్మిదేళ్లప్పుడు, మూడో ముక్క అడిగిన తమ్ముణ్ణి చూసి అమ్మ నవ్విన నవ్వే అది, కొంచెం గరుగ్గా. జనం తెల్లబోయి చూస్తున్నారు. చూడనీ. రేపు వీళ్లలో ఎవరైనా తమ పేజీ రాయమని ఆమె ఇంటి తలుపు తడతారో లేదో తెలియదు. తట్టినవాళ్లకి ఏం రాయాలో ఇప్పుడు తెలుసు. వెంకటరావు జేబులో మరలు చప్పుడు చెయ్యడం లేదు, అతను కదలడం మానేశాడు. పాస్టరుగారు పాట పుస్తకం తెరవబోతుంటే, ఇంకా అవ్వలేదండీ అన్నట్టు డయానా చెయ్యి ఎత్తింది. ఆ వెడల్పాటి చేతిని ఈసారి కొంగులో దాచుకోలేదు. కాగితం సరిచేసుకుంది. ఆశీర్వాదాలు, అని పైకి చదివింది. మొదటిదేదో అప్పటికే అందరికీ తెలిసిపోయింది కాబట్టి రెండోదానికి వెళ్లింది.